తోమాల్సింది ముఖాన్ని కాదు

మొటిమలున్న అమ్మాయి బ్యూటీ పార్లర్‌లో కూర్చోగానే మొదలయ్యేది ముఖం శుభ్రం చేయడం. క్లెన్సర్, స్క్రబ్, ఆవిరి, చివరికి బ్లాక్‌హెడ్స్ తీసే స్టీలు పుల్ల. మొటిమంటే మురికి, మురికి పోతే మొటిమ పోతుందన్న నమ్మకమే ఈ వరసకంతా ఆధారం. నస్పూర్ లాంటి బొగ్గుబావుల ఊళ్లో ఆ నమ్మకం మరీ గట్టిది. శ్రీరాంపూర్ గనుల వైపు నుంచి వచ్చే దుమ్ము ఆరేసిన బట్టల మీద కళ్లెదుట కనబడుతుంటే, ముఖం మీది మొటిమకూ అదే కారణమనుకోవడం సహజం. ఆ పొరపాటు వల్ల నష్టం రెండింతలవుతుంది. శుభ్రతకు పెట్టాల్సిన శ్రమంతా ముఖాన్ని రుద్దడానికే పోతుంది. పుల్ల, దారం, బ్లేడు, టవల్ మాత్రం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అలాగే మారిపోతుంటాయి.

మొటిమ పుట్టేది వెంట్రుక కుదురు లోపల. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో జిడ్డు ఎక్కువ ఊరుతుంది. కుదురు లోపలి మృతకణాలు రాలిపోకుండా అంటుకుని దారి మూసేస్తాయి. చిక్కుకున్న జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నేస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, వాపు వస్తుంది. ఆ సూక్ష్మజీవి మొటిమలు లేనివాళ్ల చర్మం మీదా ఉండేదే కాబట్టి మొటిమలు ఒకరి నుంచి ఒకరికి అంటవు. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మెలనిన్ వల్ల, గాలి తగిలి రంగు మారిన జిడ్డు వల్ల. బొగ్గుపొడి చర్మంలో నిలిచిపోయేది దెబ్బ తగిలి తెగినప్పుడే. గని కార్మికుల ఒంటి మీద నీలిమచ్చలుగా మిగిలేది అదే, దానికీ మొటిమకూ సంబంధం లేదు. అడ్డు ఉన్నది కుదురు లోపల కాబట్టి గట్టిగా రుద్దినా, నొక్కినా కుదురు గోడ లోపలే చిట్లి చిన్న మొటిమ గడ్డవుతుంది. మన చామనఛాయ చర్మం మీద ఆ మచ్చ నెలల తరబడి పోదు. ఢిల్లీ వైద్యులు 1999లో ప్రచురించిన పరిశీలనలో, ఫేషియల్ చేయించుకున్న 142 మంది స్త్రీలలో దాదాపు మూడో వంతు మందికి తర్వాతి వారాల్లో మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయి. మొటిమలున్న ముఖానికి క్రీముతో మసాజ్ వద్దని చర్మవైద్యులు అంత పట్టుబట్టేది అందుకే.

మరి నిజంగా అంటేవి ఏవి? చర్మ వైద్యుల ఓపీలో తరచుగా కనబడే కొన్ని గుర్తులున్నాయి. త్రెడ్డింగ్ చేసిన కనుబొమ్మ వెంట వరసగా లేచిన పులిపిర్లు, గడ్డం గీయించుకున్న చోట తామర, వాక్సింగ్ తర్వాత కాళ్ల మీద చీము కురుపులు. దారం కొసను పళ్ల మధ్య పట్టుకుని త్రెడ్డింగ్ చేసే అలవాటుతో నోటి తడి నేరుగా గీరుకున్న చర్మం మీదికి చేరుతుంది. కాలిఫోర్నియాలో 2000లో ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లిన వంద మందికి పైగా స్త్రీలకు కాళ్ల మీద మొండి కురుపులు వచ్చాయి. పాదాలు నానబెట్టే తొట్ల లోపలి జాలీల్లో పేరుకున్న వెంట్రుకలు, చర్మపు పొట్టులో మైకోబాక్టీరియం అనే సూక్ష్మజీవి దాగి ఉందని తేలింది. అన్నిటికన్నా భయపడాల్సింది హెపటైటిస్ బి గురించి. కంటికి కనబడనంత ఎండిన రక్తంలోనూ ఆ వైరస్ కనీసం వారం రోజులు బతుకుతుంది.

ఏళ్లుగా చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదని పార్లర్లవాళ్లు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు తెలిసే దారే లేదు. హెపటైటిస్ బి బయటపడటానికి నెలన్నర నుంచి ఆరు నెలలు పడుతుంది. హెపటైటిస్ సి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండొచ్చు. కామెర్లు వచ్చిన మనిషి నీళ్లను అనుమానిస్తాడు, పసరు మందుకు పోతాడు. ఆరు నెలల కిందటి బ్లేడు ఎవరికి గుర్తుంటుంది? అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో సూదులతో చేసే ఫేషియల్ వల్ల హెచ్‌ఐవీ సోకిందన్న అనుమానం 2018లో వచ్చింది. అంత వైద్య వ్యవస్థ ఉన్న దేశంలోనే పూర్తి దర్యాప్తు నివేదిక వెలువడటానికి 2024 వచ్చింది.

ఖర్చు మాటకొస్తే, అన్నీ ఖరీదైనవి కావు. మనిషికో కొత్త బ్లేడు, కొత్త దారం. దారం కొసను నోట్లో కాకుండా మెడకు కట్టుకోవచ్చు. స్టీలు పనిముట్లను ముందు సబ్బుతో తోమాలి, ఎందుకంటే ఎండిన రక్తం కింద క్రిములు భద్రంగా ఉంటాయి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మరగనివ్వాలి. చర్మాన్ని గుచ్చే పనిముట్టుకు మాత్రం అది చాలదు, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర కనీసం పదిహేను నిమిషాలు ఉండాలి. అది లేని చోట గుచ్చే పని పెట్టుకోకూడదు. డెట్టాల్ నీళ్లలో ముంచితే సరిపోదు, నీలి దీపం వెలిగే యూవీ పెట్టెలో ఉంచినా సరిపోదు.

ఇంకో అభ్యంతరం నిజంగా బరువైనది: నాలుగు రోజుల్లో పెళ్లి ఉన్న పిల్ల వచ్చి ఏదో ఒకటి చేయమంటే ఖాళీ చేతులతో పంపేదెట్లా? ఆ ఒత్తిడికి లొంగే చాలామంది స్టెరాయిడ్ క్రీము చేతిలో పెడతారు. వాపు తగ్గి ముఖం రెండు రోజుల్లో తేటపడుతుంది కూడా. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు రెట్టింపవుతాయి, మానేస్తే మండుతుంది. దేశంలో పన్నెండు చోట్ల జరిగి 2011లో ప్రచురితమైన పరిశీలనలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్లు పూస్తున్నవాళ్లే. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి సరైన మందులకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని పార్లర్‌లోనే చెప్పగలిగితే చాలామంది ఆ క్రీము జోలికి పోరు. గడ్డలు, గుంటలు, నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు కనిపిస్తే మంచిర్యాలలో డాక్టర్ దగ్గరికి పంపాలి.

సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల మహిళలకు కుట్టుపనితో పాటు బ్యూటీషియన్ శిక్షణ కూడా ఇస్తోంది. ఫేషియల్ నేర్పకముందే పనిముట్లు మరగబెట్టడం నేర్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చే స్థానిక పురపాలక సంస్థ కూడా ఆ ఒక్క విషయం చూసి సంతకం పెట్టాలి. శిక్షణలో చేరిన రోజే ప్రతి అమ్మాయికీ హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాలి. మొదటి డోసు ఆ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో. రోజంతా ఇతరుల చర్మం మీద పని చేసే ఆ చేతులకే అందరికన్నా ముందు రక్షణ కావాలి.