నొప్పి నిజమే

నాలాంటి సహోదరీలు ఎవరైనా ఉంటారని ఇది రాస్తున్నాను. మిరప చేలో జారిపడి నా నడుం పట్టేసి ఏడేళ్లయింది. స్కానింగు తీయిస్తే "ఎముకల్లో ఏమీ లేదమ్మా" అన్నారు. ఏమీ లేకపోతే రాత్రంతా ఈ బాధేమిటి? సంఘంలో కొందరు నాకు విశ్వాసం చాలదన్నారు. ఆ మాట నడుంకన్నా ఎక్కువ నొప్పించింది.

చివరకు చచ్చిపోతే బాగుండునని అనిపించసాగింది. మా పాస్టరమ్మగారికి మాత్రం చెప్పుకున్నాను. ఆవిడ ప్రార్థన చేసి, అప్పటికప్పుడే 14416కు ఫోన్ చేయించారు. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ అది. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మానసిక వైద్యుణ్ణి చూడమన్నారు. "పిచ్చాసుపత్రికా?" అంది మా అత్తగారు.

మొదటి డాక్టరు తలెత్తకుండానే చీటీ రాశారు. ఇక వెళ్లనన్నాను. "చీర కోసం నాలుగు కొట్లు ఎక్కుతావు గదా!" అన్నారు పాస్టరమ్మగారు.

రెండోచోట కౌన్సిలరమ్మ ముప్పావుగంట విన్నారు. "నొప్పి నిజమే. దెబ్బ మానినా ఒక్కోసారి నరాలు గంట కొడుతూనే ఉంటాయి. దిగులు దాన్ని ఇంకా పెంచుతుంది" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

కాస్త బాగున్న రోజున పనంతా చేసేసి, మర్నాడు మంచం పట్టడం నా అలవాటు. ఆవిడ గడియారం చూసి ఇరవై నిమిషాలు పని, ఆపైన విశ్రాంతి అన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. మొన్న ఆదివారం మాత్రం ఆరాధన ముగిసేదాకా కూర్చున్నాను, వీపు వెనక దిండు పెట్టుకొని.