పాట ఆగాక మొదలయ్యే బేరం

ఆన్‌లైన్ వేలంలో బేరానికి చోటు లేదన్నది ఇప్పుడు అందరూ ఒప్పేసుకున్న మాట. తెర మీద ఒక అంకె ఉంటుంది, పక్కన గడువు సెకను సెకనూ తరిగిపోతుంటుంది. నొక్కినవాడిది పైచేయి, నొక్కనివాడు ఇంటికి. ఎదుట మనిషే లేనప్పుడు ఎవరితో బేరమాడతాం? షంషాబాద్ చుట్టుపక్కల ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. విమానాశ్రయం వచ్చాక ఇక్కడ ఎకరాల లెక్కన సర్కారు భూములు, బ్యాంకు స్వాధీనం చేసుకున్న ప్లాట్లు, కిస్తీలు కట్టలేక పోగొట్టుకున్న క్యాబులు, కార్గో గోదాముల్లో ఎవరూ విడిపించుకోని సరుకు ఏదో ఒక వేలం వెబ్‌సైటు మీదికి చేరుతూనే ఉన్నాయి. వీటన్నిటిలోనూ బేరం ఉంది. కాకపోతే వేళ మారింది. పాట నడిచే ఆ గంటలో అమ్మేవాడితో బేరమాడలేం. పాట తెరుచుకోక ముందూ, పాట ఫలించక ఆగిపోయిన తరవాతా ఆడగలం. కొనేవాళ్లలో ఎక్కువమంది బలమంతా తమకు బలం లేని ఆ గంటలోనే ఖర్చు చేస్తున్నారని నా అభియోగం.

ఆ గంటలో ఏం జరుగుతుందో చూడటానికి బుద్వేల్ చాలు. షంషాబాద్ దారిలో, అవుటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న ఆ లేఅవుట్‌ను హెచ్ఎండీఏ 2023 ఆగస్టు 10న ఎంఎస్‌టీసీ వెబ్‌సైటు ద్వారా వేలం వేసింది. మొత్తం 100.01 ఎకరాలు, 14 ప్లాట్లు. ఎకరానికి అప్‌సెట్ ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 20 కోట్లు. సాయంత్రానికి అన్నిటికన్నా తక్కువ పలికిన ప్లాటు 33.25 కోట్లు, ఎక్కువ పలికింది 41.75 కోట్లు, సర్కారుకు వచ్చింది 3,625.73 కోట్లు. దానికి వారం ముందే కోకాపేటలో అప్‌సెట్ ధర 35 కోట్లుంటే ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్ల దాకా వెళ్లింది. ఈ రెండు చోట్లా హెచ్ఎండీఏ ధర విషయంలో నోరు విప్పింది ఒక్కసారే, అప్‌సెట్ ధర ప్రకటించినప్పుడు. మిగతా పని పాటదారులే ఒకరి మీద ఒకరు పాడి చేసిపెట్టారు. జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ అనే ఆర్థికవేత్తలు 1996లో దీన్ని లెక్కగట్టి చూపారు: కొన్ని షరతులకు లోబడి, అమ్మేవాడికి ఎంత గొప్ప బేరమాడే నేర్పున్నా, దానికన్నా వేలానికి అదనంగా ఒక్క పాటదారు రావడమే ఎక్కువ లాభం. అమ్మేవాడి తరఫున రాసిన ఆ సూత్రాన్ని కొనేవాడు తిరగేసి చదువుకోవాలి. పోటీ ఉన్నచోట నేర్పు పనికిరాదు. పోటీ లేనిచోటు వెతుక్కోవాలి.

చివరి సెకనులో నొక్కి గెలుస్తామనే ఆశ కూడా ఇక్కడ చెల్లదు. ఈబేలో వేలం ముగిసే క్షణం ముందే ఖాయం, అందుకే ఆఖరి క్షణాల్లో పాట వేసే అలవాటు అక్కడ ముదిరింది. గడువు పొడిగించే పద్ధతి ఉన్న నాటి అమెజాన్ వేలాల్లో ఆ అలవాటు చాలా తక్కువని ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ 2002లో తేల్చారు. మన ఈ-వేలాల్లోనూ చివరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే గడువు దానంతటదే పొడుగవుతుంది. పొడుగైన ప్రతిసారీ పంతం ఇంకాస్త పెరుగుతుంది. పంతానికి మన దగ్గర కొరత లేదు. విమానాశ్రయానికి ఎంతో దూరం లేని బాలాపూర్‌లో గణేశుడి లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలై 2024కి 30 లక్షలు దాటింది. అక్కడ ధర పెరగడమే పాటదారుడు కోరుకునేది, ఊరికీ అది పండగే, తప్పుపట్టడానికేమీ లేదు. ఆ ఉత్సాహాన్నే ప్లాటు పాటలోకి మోసుకొచ్చేవాళ్లను చూస్తేనే దిగులేస్తుంది.

ఇక పాటకు ముందు సంగతి. బ్యాంకు వేలం ప్రకటనల్లో ఒక షరతు తప్పకుండా ఉంటుంది: ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోట ఉన్నట్టుగా అమ్ముతున్నామని. అంటే లొసుగులన్నీ కొనేవాడి నెత్తినే. షంషాబాద్ మండలంలో ఈ షరతు బరువు మామూలుగా ఉండదు. జంట జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న ఇచ్చిన 111 జీఓ 84 గ్రామాల మీద ఆంక్షలు పెట్టింది, అందులో ఈ మండలం ఊళ్లూ ఉన్నాయి. 2022లో 69 జీఓ వచ్చి ఆ ఆంక్షలు సడలించామంది, జలాశయాల నీటి నాణ్యత చెడకూడదనే మెలికతో. దీనికి తోడు గ్రామ పంచాయతీ లేఅవుట్లు, ఎల్ఆర్ఎస్ (క్రమబద్ధీకరణ) రుసుము కట్టినవీ కట్టనివీ, రోడ్డు విస్తరణలో ముక్క పోయే ప్లాట్లు. వీటిలో ప్రతి లొసుగుకూ ఒక ధర ఉంటుంది. దాన్ని పాట మొదలవక ముందే రూపాయల్లో రాసుకుని, తన గరిష్ఠ పాటలోంచి తీసేసుకున్నవాడు బేరం సగం ముగించినట్టే. అమ్మేవాడి నోటితో ఔననిపించుకోకుండా ఆడిన బేరం ఇది. చాలామందికి ఇది బేరంలాగే తోచదు, అందుకే వదిలేస్తారు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీసి చూడటానికి బద్ధకించినవాళ్లే పాటలో పదివేలకోసం గింజుకుంటారు.

పాట ఫలించని తరవాతి దశ అన్నిటికన్నా ఆసక్తికరం, దాని గురించి చెప్పేవాళ్లే తక్కువ. బాకీ పడ్డ ఆస్తుల్ని బ్యాంకులు స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో బ్యాంకు ఆస్తిని అమ్మే దారులు నాలుగున్నాయి: కొటేషన్లు, టెండర్లు, బహిరంగ వేలం, ప్రైవేటు ఒప్పందం. రిజర్వు ధరకు, అంటే ముందే ఖాయం చేసిన కనీస ధరకు, తక్కువగా అమ్మకూడదన్నది తొమ్మిదో నిబంధన. దాని కిందే ఒక మినహాయింపు ఉంది: రిజర్వు ధరకు మించి పాట రాకపోతే, అప్పు తీసుకున్నవాడూ అప్పిచ్చిన బ్యాంకూ ఇద్దరూ ఒప్పుకుంటే, వచ్చిన ధరకే అమ్మొచ్చు. ఒప్పుకోకపోతే మళ్లీ వేలం. మొదటి వేలానికి 30 రోజుల నోటీసు కావాలి, మలి వేలానికి 15 రోజులు చాలు. ఎవరూ రాని వేలం తరవాత రిజర్వు ధర తగ్గించి మళ్లీ ప్రకటించడం పేపర్లో వారం వారం కనిపించేదే. అంటే మొదటి పాటలో మౌనంగా కూర్చున్న కొనుగోలుదారు ఒక మాట అనేశాడు: నీ ధర నాకు గిట్టదు అని. బ్యాంకు దానికి జవాబు కూడా ఇచ్చింది, రెండో నోటీసులో తగ్గించిన అంకెతో. ఇంత నింపాదిగా సాగే బేరం ఏ సంతలోనూ ఉండదు.

బండ్ల దగ్గర ఇదే బేరం ఫోన్‌లోకి దిగుతుంది. విమానాశ్రయాన్నే నమ్ముకుని అప్పు మీద కొన్న కార్లకు లెక్క లేదు. కిస్తీలు ఆగితే ఫైనాన్స్ వాళ్లు గుంజుకుపోయి యార్డులో నిలబెడతారు, అక్కడి నుంచి అవి ఆన్‌లైన్ పాటకెక్కుతాయి. ఈ పాటల్లో చాలావాటికి ఫలితం అక్కడికక్కడ తేలదు. హెచ్చుపాట రిజర్వుకు చేరకపోతే ‘ఆమోదానికి లోబడి’ అని ఆగిపోతుంది. మర్నాడో మూడోనాడో యార్డు మనిషి ఫోన్ చేస్తాడు: “అన్నా, ఇంకో పదిహేను వేలు ఎక్కించు, పైన మాట్లాడి అప్రూవల్ తెస్త.” కూరగాయల బండి దగ్గర ఆడినట్టు ఇక్కడ ఆడితే పని జరగదు. ఫోన్ చేసిన మనిషికి ధర తగ్గించే అధికారం లేదు. ముంబైలోనో చెన్నైలోనో కూర్చున్న పై అధికారికి అతను ఒక నోట్ పంపాలి. ఆ నోట్‌లో రాయడానికి పనికొచ్చే కారణం అతని చేతిలో పెట్టాలి. పెండింగ్ చలాన్ల ప్రింటు, కట్టని త్రైమాసిక పన్ను, పసుపు ప్లేటును తెల్ల ప్లేటుకు మార్చడానికయ్యే లైఫ్ ట్యాక్స్, మెకానిక్ రాసిచ్చిన క్లచ్ ఎస్టిమేట్, హైపోథికేషన్ తీసేసే ఫారం 35 ఎన్నాళ్లకు ఇస్తారనే లిఖితపూర్వకమైన ప్రశ్న. “ఇంతకన్నా పెట్టలేనన్నా” అనే మాట ఎంత నిజమైనా ఫైలులోకి ఎక్కదు. మనిషి అమ్మేటప్పుడు మన మొహమాటం, మన పేదరికం, మన మాటకారితనం అన్నీ పనిచేస్తాయి. సంస్థ అమ్మేటప్పుడు, ఆ ధరకెందుకు ఇచ్చావని రేపు ఆడిటర్ అడిగితే చూపించే కాగితం మాత్రమే పనిచేస్తుంది. సంస్థకూ తొందర ఉంటుంది. యార్డు అద్దె పెరుగుతుంటుంది, ఎండలో టైర్లు పగులుతాయి, బ్యాటరీ చస్తుంది, మార్చి నెలాఖరు ముంచుకొస్తుంది. కొనేవాడు తన తొందర దాచుకుని అవతలివాడి తొందర ఎప్పుడు పుడుతుందో కనిపెట్టగలిగితే అది నిజమైన పనితనం.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. బేరం అనేదే అవినీతికి తలుపు తీస్తుంది, దాన్ని మూయడానికే కదా ఈ-వేలం తెచ్చింది, మౌనంగా కూర్చుని ధర దించమని చెప్పడం సిండికేట్లకు పాఠం చెప్పడమే కదా? తెలుగువాళ్లకు సిండికేట్ అంటే ఏమిటో విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఉమ్మడి రాష్ట్రంలో మద్యం దుకాణాల పాటల్లో పాటదారులు కూడబలుక్కోవడం మీద ఏసీబీ దాడులు జరిగాక, 2012లో వేలమే తీసేసి లాటరీ పెట్టారు. ఇవాళ షంషాబాద్ ఎక్సైజ్ పరిధిలో జరిగేది అదే. 2023లో తెలంగాణ మొత్తం 2,620 దుకాణాలకు సుమారు 1.32 లక్షల దరఖాస్తులొస్తే, ఈ ఒక్క పరిధికే పదివేలకు పైగా వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు అప్పుడు తిరిగిరాని రెండు లక్షలు. బేరాన్ని పూర్తిగా చంపితే మిగిలేది ఇది: అదృష్టం, దాని మీద రుసుము. ఇక సిండికేట్ విషయానికొస్తే, ఒక్కడు తన లెక్క చూసుకుని తప్పుకోవడం వేరు, పదిమంది ముందే మాట్లాడుకుని తప్పుకోవడం వేరు. రెండోది 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కింద తప్పు. మొదటిది ఏ చట్టమూ తప్పనలేదు, అనజాలదు కూడా. పాటలో దిగి తీరాలని ఎవరినీ బలవంతపెట్టలేం కదా.

ప్రజల భూమి విషయంలో మాత్రం ఆక్షేపణలో సగం ఒప్పుకుంటాను. హెచ్ఎండీఏ భూమిని పాట ముగిశాక గదిలో కూర్చుని తక్కువకు మాట్లాడుకుంటే ఆ తేడా అందరి జేబులోంచీ పోతుంది. అక్కడ అప్‌సెట్ ధర బహిరంగంగా తగ్గించి మళ్లీ పాట పెట్టడమే మర్యాద. ఫైనాన్స్ కంపెనీ కారుకు ఆ నియమం వర్తించదు, దాని నష్టం దానిది. అమ్మేది ఎవరి సొమ్మన్న దాన్నిబట్టి బేరానికి హద్దు మారాలి. అన్నిటికీ ఒకే సూత్రం అనేవాళ్లతో నాకు పేచీ.

మధ్యలో ఒక హెచ్చరిక. విమానాశ్రయంలో కస్టమ్స్ పట్టుకున్న ఫోన్లు, బంగారం చవగ్గా ఇప్పిస్తామని, అడిగిన ధరకే దిగివచ్చే అమ్మకందార్లు వాట్సాప్‌లో దొరుకుతారు. అసలు కస్టమ్స్ అమ్మకంలో అంత సులువుగా దిగివచ్చే మనిషి ఉండడు. విడిపించుకోని సరుకును 1962 కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం 30 రోజులు దాటాక, సొంతదారుకు నోటీసిచ్చి, అధికారి అనుమతితో అమ్మాలి. వచ్చిన డబ్బు ఏ వరసలో ఎవరికి పోవాలో 150వ సెక్షన్ చెబుతుంది: ముందు అమ్మకం ఖర్చులు, తరవాత రవాణా బాకీ, సుంకం, గోదాము బాకీ, మిగిలితే సొంతదారుకు. అంత వరస ఉన్నచోట ఎవరైనా ఫోన్‌లో సగానికి దిగాడంటే అతని దగ్గర సరుకు లేనట్టే.

ఆ ‘మిగిలితే సొంతదారుకు’ అన్నచోటే నా వాదన కాస్త ఇరుకున పడుతుంది. బ్యాంకు వేలంలోనూ ఇదే నియమం: అప్పు, ఖర్చులు పోగా మిగిలింది హక్కుదారుకు చేరాలి. కాబట్టి కొనేవాడు నేర్పుగా దించిన ప్రతి లక్షా బ్యాంకు నష్టం కానక్కర్లేదు. అప్పు కన్నా ఆస్తి విలువ ఎక్కువైతే అది నేరుగా ఆ ఇంటివాడి జేబులోంచి పోయిందే. కొనేవాడు జాలిపడి ఎక్కువ పాడితే ఇది తీరేది కాదు. తీసుకున్న తరవాత లొసుగులు మోసేది అతనే. పాట దక్కాక వెనక్కి తగ్గితే కట్టిన 25 శాతం పోతుంది కూడా, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జప్తును సమర్థించింది. కాపాడాల్సింది నిబంధనే. అది కాపాడుతుందా అంటే, ఒక మూల నుంచి కాపాడుతుంది: రిజర్వుకు తక్కువకు అమ్మాలంటే అప్పుదారు సమ్మతి కావాలంది. కానీ బ్యాంకు ఆ దారిన పోకుండా, కొత్తగా విలువ కట్టించి రిజర్వు ధరనే దించి 15 రోజుల నోటీసుతో మళ్లీ పాట పెడితే ఆ సమ్మతి అడగనక్కర్లేదు. అప్పుడు అతనికి మిగిలేది 45 రోజుల్లోగా అప్పుల వసూలు ట్రిబ్యునల్ (డీఆర్‌టీ) మెట్లెక్కడం ఒక్కటే, లాయరు ఫీజుకు డబ్బు మిగిలి ఉంటే.