మూడు నెలల హిసాబ్

మన ఇళ్ళల్లో షేర్ల మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఇదివరకు నాలుగు పైసలు మిగిలితే బంగారం, లేదంటే ఊరి చివర ప్లాటు. బ్యాంకులో వేస్తే సూద్ అంటుకుంటుందని జంకు. ఇప్పుడు పిల్లలు ఫోన్లోనే షేర్లు కొంటున్నారు. దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా "ఫలానా కంపెనీ క్వార్టర్ రిజల్ట్స్ వచ్చాయి, నఫా ఇరవై శాతం పెరిగింది" అనే ముచ్చటే.

మా ఆపా పైసల సంగతి కూడా అట్లానే ముందుకొచ్చింది. దూల్హాభాయ్ ఇంతెకాల్ తర్వాత ఆఫీసు నుంచి వచ్చిన మొత్తం ఒక్కటే ఆమెకు ఆసరా. కూతురి చదువు, రేపటి షాదీ, అన్నీ దాని మీదే. మా చిన్నాపా కొడుకు ఒక కంపెనీ పేరు చెప్పి సగం అందులో పెట్టమన్నాడు. "దేఖ్ రే, నువ్వు లెక్కల పని చేసేవాడివి. ఇది నా జిందగీ పైసా. ఒకసారి చూసి చెప్పు" అంది ఆపా.

పిల్లవాడు పంపిన కాగితంలో ఆపా కళ్ళు నఫా అంకె దగ్గరే ఆగిపోయాయి. నేను మాత్రం కింద చిన్న అక్షరాల్లో ఉన్న నోట్స్ దగ్గర మొదలుపెట్టాను. ఎందుకంటే నఫా అనేది గల్లాపెట్టెలో దొరికే వస్తువు కాదు. కొన్ని ఉసూల్ పెట్టుకుని, వాటి ప్రకారం కట్టిన లెక్క. ఆ ఉసూల్‌నే కంపెనీల భాషలో అకౌంటింగ్ పాలసీలు అంటారు.

అబ్బా కిరాణా దుకాణ్ గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బియ్యం బస్తా ఉద్దెర ఇచ్చిన రోజునే అమ్మకం రాసుకోవాలా, పైసలు చేతికొచ్చిన రోజు రాసుకోవాలా? పది మందికి ఉద్దెర ఇస్తే ఇద్దరు ఎగ్గొడతారని ముందే లెక్కేసుకోవాలా? కొత్త తరాజు కొంటే ఖర్చంతా ఈ ఏడే వేయాలా, అది పనిచేసే పదేళ్ళకూ పంచాలా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు ఎంచుకుంటే, అదే దుకాణ్‌లో, అదే గిరాకీకి, నఫా అంకె మారిపోతుంది.

కంపెనీలకు ఈ జవాబులు ఇష్టమొచ్చినట్టు ఇచ్చే ఇజాజత్ లేదు. మన దేశంలో మధ్యంతర లెక్కలకు ఇండ్ ఏఎస్ 34 అనే ప్రమాణం ఉంది. వార్షిక లెక్కల్లో ఏ పాలసీలు వాడారో, మూడు నెలల లెక్కల్లోనూ అవే వాడాలని దాని అసలు మాట. మారిస్తే ఏం మార్చారో, దాని అసర్ ఏమిటో చెప్పాలి. ఏడాదిలో ఒక కాలానికే వచ్చే గిరాకీని నాలుగు క్వార్టర్లకు సమంగా పరచకూడదు, వచ్చిన క్వార్టర్‌లోనే చూపాలి.

రంజాన్ గిరాకీనే చూడండి. సేమియా, ఖజూర్, మైదా అమ్ముకునే వ్యాపారికి ఆ నెల సగం ఏడాదితో సమానం. 2022లో రంజాన్ మొత్తం ఏప్రిల్-జూన్ క్వార్టర్‌లో పడింది. 2024లో ఎక్కువ రోజులు జనవరి-మార్చిలోనే అయిపోయాయి. ఇది తెలియనివాడు రెండేళ్ళ ఏప్రిల్-జూన్ లెక్కలు పక్కపక్కన పెట్టి, వ్యాపారం పడిపోయిందని బెంగపడతాడు. వ్యాపారం పడలేదు, చాంద్ ముందొచ్చింది.

ఆపాకి చెప్పిన కంపెనీలో నాకు కనిపించింది వేరే సంగతి. యంత్రాల ఆయుష్షును ఆ క్వార్టర్ నుంచే పెంచి రాసుకున్నామని నోట్స్‌లో రెండు వరుసలు ఉన్నాయి. 30 కోట్ల యంత్రం పదేళ్ళు నడుస్తుందనుకుంటే ఏడాదికి 3 కోట్లు ఖర్చు రాయాలి. పదిహేనేళ్ళు అనుకుంటే 2 కోట్లే. ఒక్క వస్తువు అదనంగా అమ్మకుండానే కోటి రూపాయల నఫా పెరిగింది. ఇది చోరీ కాదు, కానూన్ ఒప్పుకునేదే, కంపెనీ దాచనూ లేదు. కానీ ఫోన్లో చూసిన ఇరవై శాతంలో ఎక్కువ భాగం ఈ రెండు వరుసల నుంచే వచ్చిందని పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

పాలసీలు చదివితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. హైదరాబాద్‌లో ఉన్న మనకు ఈ సబక్ నేర్పింది సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో ఉన్నవి సరిగ్గా మూడు నెలల లెక్కలే. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన క్వార్టర్‌కి ఆదాయం 2,700 కోట్లని చూపారు, అసలుది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, నిజానికి 61 కోట్లే. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. లేని డిపాజిట్ల మీద రావలసిన వడ్డీ అంటూ మరో 376 కోట్లు.

ఆ రోజు ఆ షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. కేసు నడిచి, 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రాజుకీ, మరికొందరికీ ఏడేళ్ళ జైలు శిక్ష వేసింది. ఆ కంపెనీ కాగితాల్లోనూ ఉసూల్ చక్కగానే రాసి ఉండేవి. చెడింది వాటి వెనక ఉండాల్సిన నీయత్. పాలసీ అంటే ఒక వాదా. వాదా నిలబెట్టుకున్నారా లేదా అన్నది పైసా చెప్పాలి.

అబ్బా పెద్దగా చదువుకోలేదు. అయినా ఎవరైనా వ్యాపారంలో షరీక్ కమ్మని అడిగితే ఆయన సవాల్ ఒకటే: "ఇత్తా నఫా దిఖారైఁ, పైసే కిధర్ హైఁ?" నేను ఇన్నేళ్ళలో చదివిన చదువంతా ఈ సవాల్ చుట్టూనే తిరుగుతుంది.

కంపెనీల విషయంలో దీనికి జవాబు క్యాష్ ఫ్లో పట్టికలో ఉంటుంది. అయితే సెబీ నియమాల ప్రకారం నఫా నుక్సాన్ లెక్క ప్రతి మూడు నెలలకూ వస్తుంది గానీ, ఆస్తులు అప్పుల పట్టిక, క్యాష్ ఫ్లో మాత్రం ఆరు నెలలకోసారే తప్పనిసరి. అంటే జూన్, డిసెంబర్ క్వార్టర్లలో నఫా కనిపిస్తుంది, పైసా కనిపించకపోవచ్చు. పైగా ఈ మధ్యంతర లెక్కలకు ఆడిటర్ మామూలుగా చేసేది లిమిటెడ్ రివ్యూ, పూర్తి ఆడిట్ కాదు. అడిగి, పోల్చి చూసి, తప్పేమీ మా దృష్టికి రాలేదని చెప్పడమే అది. పూర్తి ఆడిట్ వార్షిక లెక్కలకే.

మనలో చాలామందికి ఇంకో ఫికర్ కూడా ఉంటుంది: కంపెనీ ఆదాయంలో సూద్ ఎంత, అప్పు ఎంత అని. దీనికి ఒక్కో షరియా బోర్డు ఒక్కో హద్దు పెట్టింది. కానీ ఏ హద్దు పాటించినా అంకె కావాలి కదా. క్వార్టర్ కాగితంలో వడ్డీ ఆదాయం చాలాసార్లు "ఇతర ఆదాయం" అనే ఒకే వరుసలో కలిసిపోయి ఉంటుంది. విడివిడిగా చూడాలంటే వార్షిక నివేదిక నోట్స్ తెరవాల్సిందే. అప్పు సెప్టెంబర్, మార్చి పట్టికల్లో దొరుకుతుంది. జకాత్ హిసాబ్ చేసుకునేవాళ్ళకూ అవే పనికొస్తాయి.

ఇదంతా ఆపాకి ఒక కాగితం మీద నాలుగు సవాళ్ళుగా రాసిచ్చాను. ఉద్దెర అమ్మకాన్ని ఎప్పుడు ఆదాయంగా రాసుకుంటున్నారు? రావలసిన బకాయిలు అమ్మకాల కన్నా వేగంగా పెరుగుతున్నాయా? ఈ క్వార్టర్‌లో ఏ పాలసీ అయినా, అంచనా అయినా మారిందా? నఫాకి తగ్గ పైసా చేతికొచ్చిందా? జవాబులు దొరకని కంపెనీలో అమానత్ లాంటి పైసా పెట్టవద్దని చెప్పాను.

ఆపా ఆ కాగితాన్ని మేనల్లుడికే ఇచ్చింది. "బేటా, వీటికి జవాబులు పట్టుకురా, అప్పుడు మాట్లాడదాం" అంది. వాడు రెండు వారాలు వార్షిక నివేదికతో కుస్తీ పట్టాడు. చివరికి వాడే వచ్చి, "ఖాలా, సెప్టెంబర్ లెక్కలు రానీ, పైసా చూసి చెప్తా" అన్నాడు. ఆపా పైసలు ఇప్పటికైతే ఉన్నచోటే ఉన్నాయి. పెట్టుబడి పెట్టడం తప్పని నేను అనను. బేవా ఇంటి పైసాకి ఆ మాత్రం సబ్ర్ అవసరం అంతే.