ఎన్నాళ్ల దగ్గు?

మెడికల్ షాపులో దగ్గు మందు అడిగితే ఎదురయ్యే ప్రశ్న సాధారణంగా ఒకటే: పొడి దగ్గా, కఫం దగ్గా? ఆ ప్రశ్న తప్పేమీ కాదు. కానీ కర్నూలు, కడప ప్రాంతంలో దగ్గుతో వచ్చేవాళ్లను చూస్తుంటే, దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని నా గట్టి అభిప్రాయం. ఎన్నాళ్లుగా దగ్గుతున్నారు? ఏ మందు కొనాలి, అసలు కొనాలా వద్దా అన్నది ఈ జవాబును బట్టే తేలుతుంది. జలుబుతో మొదలైన దగ్గు వారం రోజుల్లో పోవాలని అందరూ అనుకుంటారు. అమెరికాలో 2013లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం అలాంటి దగ్గు సగటున 18 రోజులు ఉంటుంది. ఈ సంగతి తెలియకనే ఎనిమిదో రోజున కంగారు పుట్టి రెండో సీసా, దానితో పాటు నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు ఇంటికి చేరుతున్నాయి. తర్వాత దగ్గు తనంతట తాను తగ్గినా ఆ పేరు మందుకే దక్కుతుంది.

"తాగితే హాయిగా నిద్ర పట్టింది కదా" అంటారు. నిజమే, పడుతుంది. చాలా సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మత్తు కలిగిస్తుంది, తీపి పాకం గొంతుకు కాస్త ఉపశమనం ఇస్తుంది. అయితే షాపులో దొరికే దగ్గు మందులు మామూలు దగ్గును త్వరగా నయం చేస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. పైగా ఒక్కో సీసాలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. పేరు చివర ఎల్ఎస్ అని ఉంటే అందులో సాధారణంగా లెవోసాల్బుటమాల్ ఉంటుంది. అది ఉబ్బసం ఉన్నవారికి పనికొచ్చే మందు. ఉబ్బసం లేని పెద్దాయన తాగితే చేతులు వణకడం, గుండె దడ తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు. ప్రోస్టేట్ వాచిన వృద్ధులకు క్లోర్‌ఫెనిరమిన్‌తో మూత్రం బిగుసుకుపోవచ్చు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారిలో కొందరికి వచ్చే పొడి దగ్గు సంగతి మరీ విచారకరం. దానికి ఏ సిరప్పూ పనిచేయదు, డాక్టరు ఆ బీపీ మాత్ర మార్చాలి. ఇదేమీ తెలియక నెలల తరబడి సీసాలు కొనేవాళ్లున్నారు.

పిల్లల విషయంలో మాత్రం నేను రాజీపడను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ సిరప్ తాగిన పసివాళ్లు కిడ్నీలు చెడి చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు తమిళనాడు అధికారుల పరీక్షలో తేలింది. కల్తీ లేని సిరప్ అయినా రెండేళ్లలోపు వారికి ఇవ్వకూడదనీ, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్య సేవల విభాగం అదే ఏడాది అక్టోబరులో చెప్పింది. ఏడాది దాటిన బిడ్డకు పడుకునే ముందు చెంచాడు తేనె చాలు. ఏడాదిలోపు బిడ్డకు తేనె కూడా వద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా షాపుకు కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మళ్లీ రోజుల లెక్కకు వద్దాం. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోవాలి. మామూలు దగ్గే 18 రోజులుంటే, రెండు వారాలకే క్షయ పరీక్ష ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అక్కరలేని గళ్ల పరీక్ష ఒకటి చేయించుకుంటే పోయేది ఒక పూట. క్షయను నెల ఆలస్యంగా పట్టుకుంటే ఆ నెలంతా ఇంట్లోవాళ్లు అదే గాలి పీలుస్తారు. మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి కోసి పాలిష్ పట్టేవారికీ, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ములో పనిచేసేవారికీ దగ్గు అలవాటైపోతుంది. "దుమ్ము దగ్గేలే సార్" అని వాళ్లే తేల్చేస్తారు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. అలా దెబ్బతిన్నవారికి క్షయ సోకే ముప్పు మామూలువారికంటే చాలా ఎక్కువ. అంటే దుమ్ములో పనిచేసేవారే అందరికంటే ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఆసుపత్రికి పోతే ఒకరోజు కూలి పోతుంది, షాపు వీధి చివరే ఉంది అన్న మాటను నేను తీసిపారేయను. అందుకే మొదటి వారం షాపుకు వెళ్లడాన్ని తప్పుపట్టను. ఆయాసం, గళ్లలో రక్తం, ఛాతీ నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం లేని పెద్దవారు మిరియాల కషాయం, తేనె, ఆవిరితో సరిపెట్టుకోవచ్చు. పొడి దగ్గు నిద్ర పోనివ్వకపోతే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఒక్కటే ఉన్న మందు కొన్ని రాత్రులు తీసుకోవచ్చు. మానసిక సమస్యలకు మాత్రలు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా దాన్ని ముట్టవద్దు. రెండు వారాలు దాటితే ఇక సీసా అడగకండి, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ల పరీక్ష అడగండి. ఆ పరీక్షకూ, క్షయ అని తేలితే వాడాల్సిన మందులకూ అక్కడ డబ్బు తీసుకోరు.