గొంగడి కింద మొగ్గ

మిరుదొడ్డిలో నా నర్సరీకి వచ్చేవాళ్లు ఏ మొక్క కొన్నా రెండు సంగతులు అడుగుతారు: ఎండ ఎంత కావాలి, నీళ్లు ఎన్ని పోయాలి. క్రిస్మస్ కాక్టస్ కుండీ చేతిలోకి తీసుకున్నవాళ్లను మాత్రం ముందు నేనే అడుగుతాను: "రాత్రిపూట దీన్ని ఏ గదిలో పెడతారు?"

ఈ ప్రశ్న నాకు చామంతి నేర్పింది. వయసులో ఉన్నప్పుడు చేవెళ్ల దిక్కు ఒక పాలీహౌస్‌లో కూలికి చేరాను. చామంతి రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. కాడ ఎదిగేదాకా మొగ్గ రావద్దని నడిరాత్రి కొన్ని గంటలు బల్బులు వేసేవాళ్లం. ఎదిగాక బల్బులు ఆపేసి, పొద్దుగూకక ముందే మడులన్నింటి మీద నల్లగుడ్డ కప్పేవాళ్లం. ఆ గుడ్డకు పడిన చిరుగులు వెతికి కుట్టడం నా పని. చిరుగు ఉన్నచోట కింది మొక్కలు మొగ్గకు వెనకబడేవి. నీళ్లలాగా, ఎరువులాగా చీకటిని కూడా మొక్కకు కొలిచి పెట్టాలని అక్కడ తెలిసింది.

ఊరికి తిరిగొచ్చి సొంతంగా నర్సరీ పెట్టిన మొదటి చలికాలం, మొగ్గలతో ఉన్న ఇరవై క్రిస్మస్ కాక్టస్ కుండీలు తెప్పించాను. బండి దిగంగానే ఎండకు పెట్టాను, కాక్టస్ కదా అని. ప్రయాణంలో వాడాయనిపించి కుండీ నిండా నీళ్లు పోశాను. నాలుగో నాడు పొద్దున చూస్తే బల్ల మీద గులాబీరంగు మొగ్గలు రాలి పడి ఉన్నాయి, ఒక్కోటి చిటికెనవేలి గోరంత. ఏరితే దోసెడు అయ్యాయి. మొగ్గ మీదున్న మొక్కకు చోటు మారినా, వేరు తడిసి ముద్దయినా, పూర్తిగా ఎండినా, వేడిగాలి తగిలినా మొగ్గ నిలవదు. ఆ ఏడు నేను చేయని తప్పు లేదు.

అప్పటినుంచి ఈ మొక్క పుట్టుక తెలుసుకొని పెంచడం మొదలుపెట్టాను. మన చెలక గట్ల మీద పెరిగే నాగజెముడు, ఇది ఒక్క కుటుంబానివే. నాగజెముడు ఎండకు, రాళ్లకు అలవాటుపడింది. ఇది బ్రెజిల్ ఆగ్నేయ తీరపు కొండల్లో, పొగమంచు పట్టే అడవుల్లో, చెట్ల కొమ్మల మీద, రాతి నెర్రెల్లో పెరుగుతుంది. మనం ఆకులనుకునే పచ్చని బిళ్లలు నిజానికి దాని కాడలే. మన ఇళ్లల్లో బ్రహ్మకమలం పేరుతో పెంచేది కూడా ఇట్లా చెట్ల మీద బతికే కాక్టసే. బ్రెజిల్‌లో క్రిస్మస్ కాక్టస్‌ను 'మే పువ్వు' అంటారు. భూమధ్యరేఖకు అవతల రాత్రులు పెరిగేది మే నెలలో కదా. క్రిస్మస్ అనేది మనం పెట్టిన పేరు, మొక్క లెక్కపెట్టేది రాత్రిని.

చెట్టు మీద బతికే మొక్కకు వేళ్ల చుట్టూ గాలి ఆడాలి. మా రేగడి మట్టిలో పెడితే వేరు కుళ్లుతుంది. కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, దొడ్డు ఇసుక, చిన్న బొగ్గుముక్కలు కలిపి ఒక పాలు: ఇది నా మిశ్రమం. పిడికిట్లో పిసికి వదిలితే విడిపోవాలి. వేలు మొదటి కణుపుదాకా గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి, అడుగు చిల్లు నుంచి కారేదాకా. కింది పళ్లెంలో నీళ్లు నిలవనీయొద్దు. బోరునీళ్లతో కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, అందుకే వానాకాలంలో చూరునీళ్లు పట్టి దాస్తాను. బిళ్లలు ఎర్రబారితే ఎండ ఎక్కువైనట్టు. 40 డిగ్రీలు దాటే మా ఎండాకాలంలో రంజను పెట్టుకునే చల్లని మూల, కాస్త వెలుతురుంటే, దీనికి సరిపోతుంది. కణుపుల్లో తెల్లటి పిండినల్లి కనిపిస్తే సబ్బునీళ్లలో వేపనూనె కలిపి గుడ్డతో తుడుస్తాను. తొలకరి పడ్డాక రెండు మూడు బిళ్లలున్న ముక్కను మెలితిప్పి తుంచి, రెండు రోజులు నీడన ఆరనిచ్చి నాటితే కొత్త మొక్క.

ఇవన్నీ సరిగ్గా చేసినా పూయని మొక్కను ఒక అవ్వ ఇంట్లో చూశాను. కొడుకు పట్నం నుంచి తెచ్చిచ్చిన కుండీ. బిళ్లలు నవనవలాడుతున్నాయి.

"మూడేండ్లాయె బిడ్డా. చెట్టు మంచిగనే ఉన్నది, పువ్వు జాడ లేదు," అన్నది.

కుండీ టీవీ పక్కన, ట్యూబులైటు కింద ఉంది.

"రాత్రి లైటు ఎంత దాంక ఉంటది అవ్వా?"

"నాకు నిద్ర పట్టదు. పన్నెండయితది."

మొగ్గ పట్టాలంటే ఈ మొక్కకు రోజుకు దాదాపు 13 గంటల తెగని చీకటి, చల్లటి రాత్రులు, ఆరు వారాలకు తక్కువ కాకుండా కావాలి. మన దగ్గర డిసెంబరులో కూడా రాత్రి 13 గంటల దగ్గరే ఆగుతుంది. ప్రకృతి ఇచ్చేదే అంచుకు అంచు. అందులో ట్యూబులైటు ఆరు గంటలు తింటే మొక్కకు మిగిలేది ఎండాకాలపు రాత్రికన్నా చిన్నది.

దీపావళి వెళ్లి రాత్రులు చల్లబడ్డాక మొదలుపెట్టమన్నాను. సాయంత్రం ఐదున్నరకు కప్పాలి, పొద్దున ఏడుకు తీయాలి. అట్టపెట్టె వెతుకుదామంటే అవ్వ లోపలికి పోయి కోళ్లగంప తెచ్చింది, దాని మీద తన ముసలాయన గొంగడి కప్పింది. నేను వంగి లోపలికి చూశాను. ఒక్క చుక్క వెలుతురు లేదు. ఉన్నిగొంగడి కాబట్టి గాలి ఆడుతుంది కూడా. చేవెళ్లలో నేను కుట్టిన నల్లగుడ్డకన్నా అది మేలు.

డిసెంబరు నడుమ కబురొస్తే పోయి చూశాను. బిళ్లల కొసలకు జొన్నగింజంత మొగ్గలు, ఎర్రగా. ఇక కప్పక్కర్లేదని, కుండీని మాత్రం అక్కడినుంచి కదపొద్దని, మట్టి మరీ ఎండనీయొద్దని చెప్పాను. మాఘ అమావాస్యకు జరిగే కూడవెల్లి జాతర నాటికి పూలు విచ్చాయి, రేకుల మీద రేకులు వెనక్కి మడుచుకొని, పక్షి దూకుతున్నట్టు. కుండీ పక్కన గొంగడి మడిచి పెట్టి ఉంది.

"ఇంకా కప్పుతున్నవా అవ్వా?"

"లేదు బిడ్డా. పొద్దుగూకంగనే ట్యూబులైటే బంద్ చేస్తున్న. నాకు గూడ నిద్ర పడుతున్నది."