చెరువుకు తగ్గ ఆయకట్టు



ఈమధ్య చాలామంది మమ్మల్ని ఒకే మాట అడుగుతున్నారు. "అమ్మగారు టీచరు ఉద్యోగం మానుకుంటారంట, నిజమేనా అయ్యగారూ? సర్కారు కొలువు చేతిలో పెట్టుకొని ఎవరైనా వదులుకుంటారా?" అని. నిజమే. అయితే ఇప్పుడే కాదు, 2030లో. ఆ ఏటికి సర్వీసు ఇరవై ఏండ్లు నిండుతుంది, వయసు యాభై అవుతుంది. మన రాష్ట్రంలో రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. కాబట్టి కావాలంటే ఇంకో పన్నెండేండ్లు బడిలో ఉండొచ్చు. ముందే బయటికి రావాలని మేమిద్దరం చాలా ఏండ్ల కిందటే కూర్చొని అనుకున్నాం.

ఎందుకో మీకు తెలుసు. శనక్కాయ పెరికి, పత్తి ఏరడం అయిపోయాక మన ఊర్లలో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతకు సుగ్గికి పోతారు. పిల్లలు కూడా పోతారు, లేదంటే కండ్లు సరిగా కనపడని అవ్వ దగ్గర ఉండిపోతారు. వాళ్లు తిరిగొచ్చే నాటికి బడిలో వాళ్ల తోటి పిల్లలు ఎక్కడో ఉంటారు. ఆ పిల్లలను ఆ నాలుగైదు నెలలు మందిరం వసారాలో పొద్దంతా పెట్టుకొని, అన్నం పెట్టి, చదువు చెప్పాలన్నది మా కోరిక. నౌకరీ చేస్తూ అది కుదరదు. జీతం తీసుకునే బడికి న్యాయం చేయాలి కదా.

కోరిక మంచిదే. కానీ మంచి కోరిక అంగట్లో బియ్యం కొనదు. పరిచర్యలో వచ్చే కానుకలు ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు. వానపడిన ఏడు మీరే కొర్రలు, కందులు తెచ్చి ఇస్తారు. కరువు ఏడు మేమే మీకు ఇవ్వాల్సి వస్తుంది, అదీ సంతోషమే. ఇన్నేండ్లు మా పొయ్యి వెలిగింది టీచరు జీతం మీదే. ఈ సంగతి సంఘానికి తెలియాలి. పైగా 2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరినవాళ్లకు పాత పెన్షను లేదు. సీపీఎస్ కింద మూలవేతనం, డీఏ కలిపి అందులో పది శాతం నెలనెలా కోస్తారు, ప్రభుత్వం కొంత కలుపుతుంది. ముందుగా బయటికొచ్చే టీచరుకు ఆ సొమ్ము ఒక్కటే సరిపోదు. సొంతంగా ఒక చెరువు తవ్వుకోవాలి.

చెరువు అన్నమాట ఊరికే అనలేదు. మా ఇద్దరిలో ఒకరి పుట్టినూరు కడప జిల్లా పోరుమామిళ్ల దగ్గర. అక్కడి పెద్ద చెరువును మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్ల పని. ఆ వివరమంతా అక్కడి రాతి శాసనంలో ఉంది. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు ఏవో, చెరువును చెడగొట్టే ఆరు దోషాలు ఏవో కూడా అందులో చెక్కించారు. ఏడాదిలో నాలుగు వానలు పడే సీమలో, పడిన నీళ్లను ఎట్లా ఆపుకోవాలో తెలిసినవాళ్లు రాయించిన మాటలవి. మా ఇంటి లెక్కల పుస్తకం మొదటి పేజీలో ఆ ఆరు దోషాలనే రాసుకున్నాం.

మొదటిది, కట్టలోనుంచి నీరు కారడం. ఇంటికి ఆ కారుడు అప్పు. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు మాట. కానీ ఏడాదికి లెక్కేస్తే అది 24 శాతం. పోస్టాఫీసు ఆర్‌డీలో వచ్చేది 6.7 శాతం. ఒకపక్క 24 కారిపోతుంటే ఇంకోపక్క 6.7 పోస్తే ఏ చెరువు నిండుతుంది? అందుకే మేము మొదటి రెండేండ్లు ఒక్క రూపాయి కూడా దాచలేదు. ఉన్న చేబదుళ్లు, బంగారం మీది అప్పు తీర్చాం. అదే మా మొదటి పొదుపు.

రెండోది, చౌడు నేల. సొమ్ము ఎక్కడ పెడుతున్నామన్నది చూసుకోవాలి. నెలకు నూటికి పది ఇస్తామని మన సీమకు ఎందరు వచ్చి పోయారో మీరే చూశారు. మేము ఎంచుకున్నవి పాతకాలపు నేలలు. పోస్టాఫీసు పొదుపు ఖాతాలు మన దేశంలో 1882 నుంచి ఉన్నాయి. ఆర్‌డీ నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టొచ్చు. ఐదేండ్లలో ఆరు వేలు కడితే ఇప్పటి వడ్డీకి ఏడు వేల నూరు దాటి వస్తుంది. పీపీఎఫ్ పదిహేనేండ్లది, ఏడాదికి కనీసం 500 కట్టాలి. వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం నడుస్తోంది. అందులో ఒక చిన్న కిటుకుంది. నెలలో ఐదో తేదీలోగా కడితేనే ఆ నెలకు వడ్డీ లెక్కలోకి వస్తుంది. జీతం పడిన రోజే కట్టేది అందుకే.

మూడోది, చెరువు రెండు రాజ్యాల హద్దులో ఉండడం. ఈ దోషం చదివినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. భార్య జీతం ఒక రాజ్యం, భర్త చేతిలో పడేది ఇంకో రాజ్యం అయితే కట్ట బాగుచేసేది ఎవరు? శనివారం రాత్రి ప్రార్థన అయ్యాక ఇద్దరం కలిసి వారం ఖర్చు రాస్తాం. పదిహేను నిమిషాల పని. పాలు, గ్యాసు, బండి పెట్రోలు, పిల్ల హాస్టలు ఫీజు, చావుకూ పెండ్లికీ పోయిన చార్జీలు, అన్నీ రాస్తాం. ఒకరిమీద ఒకరికి కోపం వచ్చే రాత్రి కూడా రాస్తాం.

నాలుగోది, చెరువు నడుమ మిట్ట. నీళ్లు నిలవాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది, చూసేవాళ్లకు మాత్రం గొప్పగా కనపడుతుంది. బంధువులు మేడ కట్టమన్నారు. మేము పాత మిద్దెకే మళ్లీ సున్నం కొట్టించుకున్నాం. కారు కొనమన్నారు. బండి ఇంకా నడుస్తోంది.

ఐదో దోషం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం. మాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. ఎంత సొమ్ము ఉంటే ఉద్యోగం మానొచ్చు అన్నదానికి విలియం బెంగెన్ అనే అమెరికా సలహాదారు 1994లో ఒక లెక్క వేశాడు. మొదటి ఏడు మూలధనంలో నాలుగు శాతం తీసుకొని, తర్వాత ధరలు పెరిగినంత పెంచుకుంటూ పోతే ముప్పై ఏండ్లు వస్తుందని. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉండాలి. అది వాళ్ల దేశపు మార్కెట్ల లెక్క. ఇక్కడ ధరలు పెరిగే తీరు వేరు, యాభైకి మానేవాళ్లకు ముప్పై ఏండ్లు చాలకపోవచ్చు. కాబట్టి దాన్ని మేము కనీసంగానే చూస్తాం. అయినా ఆ లెక్క మా కండ్లు తెరిపించింది. నెలకు వెయ్యి రూపాయల ఖర్చు తగ్గితే ఏడాదికి 12 వేలు. 25 రెట్లంటే 3 లక్షలు. అంటే మనం కూడబెట్టాల్సినదాంట్లో 3 లక్షలు తగ్గిపోయాయి. తగ్గించిన ఆ వెయ్యినే పీపీఎఫ్‌లో వేస్తే పదిహేనేండ్లకు ఇప్పటి వడ్డీతో ఇంచుమించు 3 లక్షల 20 వేలు. ఒకే వెయ్యి రెండు వైపులా పనిచేసింది.

మా నెల ఖర్చు 24 వేల నుంచి 18 వేలకు దిగడానికి ఆరేండ్లు పట్టింది. ఆ లెక్కన కావాల్సిన సొమ్ము 72 లక్షల నుంచి 54 లక్షలకు దిగింది. ఇప్పటికి మూడింట రెండు వంతులు చేరింది. మిగతాది ఐదేండ్లలో చేరుతుందో లేదో చూడాలి. ధరలు పెరుగుతాయి, రోగాలు వస్తాయి, పిల్ల చదువు ఇంకా ఉంది. చేరకపోతే ఇంకో రెండేండ్లు సంతోషంగా బడికి పోవడమే. అప్పు చేసి మాత్రం మానేది లేదు. సంఘం మీద భారం వేసి అసలే మానేది లేదు.

ఆరో దోషం వింతగా ఉంటుంది. నీరు ఎక్కువై పారించే నేల తక్కువ కావడం. తూము తెరవని చెరువు ఎవరికి? కొట్లు పడగొట్టి ఇంకా పెద్ద కొట్లు కట్టించుకున్న ధనవంతుని ఉపమానం మీకు తెలుసు. దాచుకునేవాళ్లకు వచ్చే జబ్బు అది. అందుకే పొదుపు మొదలుపెట్టిన నాడు కూడా దశమభాగం ఆపలేదు, ఇంటికొచ్చిన బీదవాళ్లకు ఇచ్చే వాటా ఆపలేదు. ఆ వాటాను ముందే పుస్తకంలో రాసిపెడతాం. మేము దాచేదే తూము తెరవడానికి. ఆ తూము కింద పారే మడి సుగ్గికి పోయినవాళ్ల పిల్లలు.

"మీకు జీతముంది, మేమేం దాచేది" అని కూలికి పోయే అక్కలు అడుగుతారు. న్యాయమైన మాటే. దానికి జవాబు మా దగ్గరకన్నా ఓర్వకల్లు అక్కల దగ్గర బాగా దొరుకుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మాన్పించారు. ఆ తర్వాత సారాకు పోయే డబ్బులోనుంచి రోజుకో రూపాయి దాచడం మొదలైంది. పొదుపు లక్ష్మి అన్న పేరు అట్లా వచ్చింది. 1995 తర్వాత ఐక్యరాజ్యసమితి పథకం ఒకటి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. మన కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలోని ఓర్వకల్లు మండలం అందులో ఉంది. అక్కడ కూలి ఆడవాళ్లు ఊరూరా సంఘాలు కట్టి, వాటిని మండల సమాఖ్యగా కలిపారు. రాళ్లు, బండలు తప్ప ఏమీ లేదనుకున్న మండలం అది. తమ రూపాయిలలోనుంచి తామే అప్పులు ఇచ్చుకొని, వడ్డీ వ్యాపారి గడప తొక్కడం తగ్గించుకున్నారు. ఒక్కొక్కరిది రూపాయే. కానీ రోజూ వేశారు, కలిసి వేశారు, వారంవారం పుస్తకం చూసుకున్నారు.

సంఘంలోని టీచర్లకు ఒక మాట. మీలో ఎవరైనా ముందుగా మానాలనుకుంటే, కోపంతోనో అలసటతోనో నిర్ణయం చేయకండి. మీ సర్వీసు రిజిస్టరు తెరిచి ఎన్నేండ్లు నిండాయో చూసుకోండి. ఏపీజీఎల్ఐ పాలసీ మీద అప్పు ఏమన్నా మిగిలిందేమో చూసుకోండి. సీపీఎస్‌లో ఉన్నవాళ్లు ముందుగా బయటికొస్తే ఎంత చేతికిస్తారో, ఎంత పెన్షనుకు మళ్లిస్తారో మీ డ్రాయింగ్ ఆఫీసరు ద్వారా రాతపూర్వకంగా తెలుసుకోండి. నియమాలు మారుతుంటాయి, స్టాఫ్ రూములో విన్నది చాలదు.

యోసేపు ఐగుప్తులో ఏడేండ్ల సమృద్ధిలో పంటలో అయిదో వంతు దాపించాడు. మిగిలిన నాలుగు వంతులు జనం తిన్నారు. ఎవరినీ పస్తు పెట్టి కొట్లు నింపలేదు. కరువు తెలిసిన సీమవాళ్లం మనం, ఆ లెక్క మనకు అర్థం కావాలి.

ఈ వారం ఇంట్లో ఒక నోటు పుస్తకం కొనండి. ముందు అప్పుల పేర్లు, వాటి వడ్డీ రాయండి. ఆ కింద వారం ఖర్చు రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ రాయండి. చదవడం రానివాళ్లు ఉంటే ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకం తీసుకొని రండి, వసారాలో చాప వేసుకొని కూర్చుందాం. మీ లెక్క ఇంకొకరికి చెప్పం. ప్రభువు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక.