తిరిగొస్తానని రుజువు

నేను పాస్‌పోర్టుకు పెట్టుకున్నది 2018లో. డుంబ్రిగుడ మండలంలో మాకు ఎకరన్నర కాఫీ తోట ఉంది, సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగలతో. అంతకుముందు ఏడాదే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచారని మా కాఫీ రైతుల సంఘం మీటింగులో విన్నాను. మన గింజలు వెళ్లే దేశాలు ఒక్కసారైనా చూడాలనిపించింది. మా ఆయన నవ్వలేదు. "ముందు కాగితాలు చూసుకో" అన్నాడు.

నేను ఇంట్లోనే పుట్టాను. తేదీ ఎవరూ రాసుకోలేదు. బళ్లో చేర్చుకున్న మాస్టారు జూలై 1 అని వేశారు. మా క్లాసులో సగం మంది పుట్టినరోజు అదే. టీసీలో నాన్నగారి ఇంటిపేరు, ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరు. పట్టాలో స్పెల్లింగు ఇంకో రకం. ఆధార్ సరిచేయించుకుందామని వెళ్తే మిషన్ నా వేలిముద్రలు తీసుకోలేదు. పళ్లు కోసీ కలుపు తీసీ గీతలు అరిగిపోయాయి, రేషన్ దగ్గరా అదే గొడవ. ఓటీపీ కోసం గట్టెక్కి నిలబడాలి. దిగొచ్చి చెప్పేలోగా దాని గడువు అయిపోయేది.

ఈలోగా సెప్టెంబరు 23 వచ్చింది. మా మండలంలోనే, లివిటిపుట్టు దగ్గర, ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుగారినీ మాజీ ఎమ్మెల్యే సివేరి సోమగారినీ మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ రోజే డుంబ్రిగుడ, అరకు పోలీస్ స్టేషన్లకు జనం నిప్పుపెట్టారు. తర్వాత చాలాకాలం ఎవరు ఎటు బయల్దేరినా ప్రశ్నలే. నా పాస్‌పోర్టు ఎంక్వయిరీ సరిగ్గా అప్పుడు పడింది. నేను ఫలానా అని సంతకం పెట్టమంటే పక్కింటి వదిన వణికిపోయింది. "నీకు దేశాలెందుకే? రేపు వాళ్లూ అడుగుతారు, వీళ్లూ అడుగుతారు" అంది. ఆమెను ఏమనగలను? ఇద్దరికీ జవాబు చెప్పుకుంటూ బతికిన ఊరు మాది.

2019లో పాస్‌పోర్టు చేతికొచ్చింది. వెనకే కోవిడ్. 2022 ఏప్రిల్‌లో మేం విశాఖ జిల్లా పోయి అల్లూరి సీతారామరాజు జిల్లా వాళ్లమయ్యాం. అంటే పాస్‌పోర్టులో ఒక జిల్లా, కొత్త సర్టిఫికెట్లలో ఇంకొకటి.

పిలుపు 2024 చివర్లో వచ్చింది. యూరప్‌లో ఓ కాఫీ ప్రదర్శన. పండించేవాళ్లే వచ్చి మాట్లాడాలట. టికెట్టూ బసా వాళ్లవే. వీసాకు మాత్రం కొండ దిగి, రాత్రంతా రైల్లో కూర్చుని హైదరాబాద్ వెళ్లాలి. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆస్తి విలువ కాగితం.

కాఫీ డబ్బు ఏడాదికోసారి, కోతయ్యాకే పడుతుంది. అంతవరకూ నా ఖాతాలో డ్వాక్రా వాయిదా తప్ప మరో కదలిక ఉండదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్నులూ లేవు. ఇక ఆస్తి. మాది ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా, అంటే అటవీ హక్కుది. పిల్లలకు వస్తుంది గానీ అమ్మడానికి లేదు. ఏజెన్సీలో మిగతా భూమినీ 1/70 చట్టం గిరిజనేతరులకు అమ్మనివ్వదు. అమ్మకమే లేని నేలకు రేటెవరు కడతారు? పట్నంలో ఆడిటరు పట్టా అటూ ఇటూ తిప్పి, "సున్నా అని రాయలేనమ్మా, ఇంకో అంకె కూడా వెయ్యలేను" అని తిరిగిచ్చేశాడు.

వీసా ఇవ్వలేదు. ఆ కాగితం మా అమ్మాయి చదివి చెప్పింది: గడువులోగా నేను వెనక్కి వెళ్తానన్నది అనుమానమేనట. కట్టిన ఫీజు రాదు. అమ్ముకుని పోదామన్నా పోనివ్వని భూమి నాది. ఆ సంగతి రాయడానికి వాళ్ల ఫారంలో గడి లేదు. మా కాఫీ ఈ నేలదేనని 2019లో జీఐ ముద్ర పడింది. నేనూ ఈ నేలదాన్నేనని ఏ ముద్ర చూపించను? నా బదులు సంఘం ఆఫీసు కుర్రాడు వెళ్లాడు, తోటల ఫొటోలు పట్టుకుని. ఒకదాంట్లో బుట్ట కట్టుకుని నేనున్నాను. వారం దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మళ్లీ పెడుతున్నాను. ఈసారి ఏప్రిల్ దాటాక తేదీలైతేనే వస్తానన్నాను, అప్పటికి కోత డబ్బు ఖాతాలో కనిపిస్తుంది. పళ్లు అమ్మిన పాత రసీదులన్నీ సంఘం వాళ్లు ఒక ఫైలు చేస్తున్నారు. పట్టా ఇంగ్లీషులోకి రాయించాం. పాస్‌పోర్టు గడువు 2029 దాకా ఉంది.